ఎదురు రాని అక్క

ఉద్యోగం మానేశాక నన్ను కలిసిన ప్రతివాడూ ఒకటే మాట అంటున్నాడు. "అదృష్టవంతుడివయ్యా, ఎన్ని ఊళ్ళు తిరిగావో!" తిరిగాను, నా బొంద. రక్తపరీక్షలు చేసే మెషీన్లు బాగుచేయడం నా పని. ఏ ఊళ్ళో మెషీన్ ఆగితే ఆ ఊరికి తెల్లారకముందే బయల్దేరాలి. ఇరవై రెండేళ్ళలో నేను చూసినవి బస్టాండ్లు, ఆసుపత్రుల కింది అంతస్తుల్లో కిటికీలు లేని ల్యాబులు, దుప్పటి మార్చమంటే ముఖం మాడ్చుకునే లాడ్జీవాళ్ళు. ఖమ్మం ఎన్నిసార్లు వెళ్ళానో నాకే తెలియదు, అక్కడి ఖిల్లా ఒక్కసారీ ఎక్కలేదు. బెజవాడలో కృష్ణను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. దీన్ని తిరగడం అంటారా?

పోనీ ఆ పనికైనా ఒక మర్యాద ఉందా అంటే అదీ లేదు. మెషీన్ నడిచినన్నాళ్ళూ మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, డాక్టరు దగ్గర్నుంచి ల్యాబులో నేల తుడిచే మనిషి దాకా అందరూ నా మీదే విరుచుకుపడతారు. మా మేనేజరు ఫోన్ చేస్తే మొదటి మాట "ఎక్కడున్నారు?" రెండో మాట "ఇంకా అక్కడేనా?" తిన్నారా అని ఒక్క పూట అడిగి ఉంటే ఒట్టు. చివరికి ఈ వేసవిలో పిలిచి, ఇకమీదట చాలా రిపేర్లు వీడియో కాల్‌లోనే అయిపోతాయని, నాకూ వయసు మీద పడుతోందని, నా అంతట నేనే మానేస్తున్నట్టు కాగితం రాసిస్తే గౌరవంగా ఉంటుందని చెప్పారు. ఎవరికి గౌరవం? రాసిచ్చాను. ఒక శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. ఆ శాలువాను ఇప్పుడు మా అక్క తన కుట్టుమిషన్ మీద దుమ్ము పడకుండా కప్పుతోంది. దానికి అంతకు మించిన ఉపయోగం నాకూ తోచలేదు.

కంపెనీని తిట్టడమే నా ఉద్దేశమైతే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాకే, నా ప్రయాణాల పేరు చెప్పి మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా ఏం జరుగుతోందో నాకు తెలిసింది. తెలిసిన రోజు నుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది.

మాది నల్గొండ దగ్గర పల్లె. అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్దది. పెళ్ళయిన నాలుగో ఏడు బావ పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. ఉద్యోగం రాగానే అమ్మను, అక్కను నేనే హైదరాబాదు తెచ్చుకున్నాను. మొదట దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో కిరాయి ఇల్లు, తర్వాత మన్సూరాబాద్‌లో ఈ రెండో అంతస్తు ఫ్లాటు. నా భార్య వాళ్ళది తెనాలి వైపు. ఆవిడ పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లోనే అయినా మాట మాత్రం వాళ్ళ అమ్మగారి మాటే. మా అమ్మాయి తల్లితో ఒక రకంగా, అత్తతో ఒక రకంగా మాట్లాడుతుంది.

అక్క అంటే ఏదో మూల కూర్చుని కళ్ళొత్తుకునే మనిషి అనుకునేరు. కాదు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. కాలనీలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు ఆమెకు నోటికి వచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో లైనింగ్ గుడ్డకు బేరం మొదలుపెట్టిందంటే కొట్టువాడు దండం పెట్టాల్సిందే. మెట్రోలో ఎవడైనా తోసుకొస్తే, "ఏంది, కండ్లు కనబడ్తలేవా?" అని అక్కడే కడిగేస్తుంది. నేను ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే, నా భార్య స్కూల్లో పాఠాలు చెప్పుకుంటుంటే, మా అమ్మాయికి అన్నం తినిపించింది, జడ వేసింది, బడికి తీసుకెళ్ళింది, జ్వరమొస్తే దవాఖానాకు ఎత్తుకుపోయింది, అన్నీ అక్కే.

అలాంటి మనిషి నేను ఊరెళ్ళే పొద్దున మాత్రం కనబడేది కాదు. ముందురోజు సాయంత్రమే చొక్కాలు ఇస్త్రీ చేసి బ్యాగులో సర్దేది. చపాతీలు చేసి డబ్బాలో పెట్టేది. తెల్లారి నేను బూట్లు తొడుక్కుంటూ, "అక్కా, పోతున్న" అని కేకేస్తే జవాబుండేది కాదు. మొదట్లో నిద్రలో ఉందేమో అనుకున్నాను. తర్వాత కోపమొచ్చింది. ఇంటి కోసం ఇంత తిరుగుతున్న తమ్ముడికి ఒక్కసారి గుమ్మం దాకా వచ్చి, పోయిరా అని చెప్పలేదా? ఆ కోపం చిన్నదేమీ కాదు, ఏళ్ళ తరబడి లోపల గుచ్చుకుంది. ఒకసారి తిరిగొచ్చిన అలసటలో నోరు జారాను కూడా. "నేను పోతే నీకు పీడ పోయినట్టుంటదేమో" అన్నాను. అక్క పిల్లకు జడ వేస్తూ కూర్చుంది. మాట్లాడకపోయేసరికి నిజమే కాబోలు అనుకున్నాను.

నా భార్య మాత్రం ప్రతిసారీ ఎదురొచ్చేది. నేను లిఫ్టు దిగి గేటు దాకా వచ్చేసరికి పాల ప్యాకెట్లు పట్టుకుని లోపలికి వస్తూ కనిపించేది. ముత్తైదువ, చేతిలో పాలు, ఇంకేం కావాలి? ఆవిడ టైమింగే టైమింగు అని నవ్వుకునేవాణ్ణి. ల్యాబుల్లో తెలిసినవాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఎంత వెర్రివెంగళప్పనో చూడండి.

ఉద్యోగం మానేసిన రెండో వారం, మూసారాంబాగ్‌లో చిన్న ల్యాబు పెట్టుకున్న స్నేహితుడొకడు మెషీన్ మొరాయిస్తోంది, ఒకసారి చూసిపో అన్నాడు. ఊరు కూడా కాదు, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే పది నిమిషాలు. పొద్దున్నే లేచి పాత టూల్ బ్యాగు భుజానికి తగిలించుకున్నాను, అంతే. గేటు దగ్గర నా భార్య పాల ప్యాకెట్లతో ఎదురైంది. అలవాటు ప్రకారం నవ్వి ముందుకు నడిచాను. మలుపు తిరిగాక చూసుకుంటే కళ్ళజోడు లేదు. బయల్దేరినవాడు వెనక్కి రాకూడదని మా ఇంట్లో ఇంకో నియమం ఉంది. కళ్ళజోడు లేకుండా మెషీన్‌లో నేనేం చూస్తాను? వెనక్కి వచ్చాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని హాల్లోకి వెళ్ళాను. వంటింట్లో నా భార్య ఆ పాల ప్యాకెట్లను ఫ్రిజ్‌లో పెడుతోంది. అప్పుడే కొట్టు నుంచి తెచ్చినవి కావు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి చెమటలు కారుతున్నవి. ఫ్రిజ్ మూసి, వెనకాల వాష్ ఏరియా తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టింది. "వదినా, వెళ్ళిపోయారు. రండి."

తలుపు తీసుకుని అక్క బయటికొచ్చింది. చేతిలో చాయ్ గ్లాసు. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు పోలే?" అంది.

"గాడ ఏం చేస్తున్నవ్ అక్కా?"

"ఏం లే తమ్మీ. చాయ్ తాగుతున్న."

వెళ్ళి చూశాను. వాషింగ్ మెషీన్‌కు గోడకు మధ్య ఒక మనిషి పట్టేంత సందు. అందులో ఒక పీట వేసి ఉంది. ఎవరైనా వాషింగ్ మెషీన్ వెనక కూర్చుని చాయ్ తాగుతారా? టూల్ బ్యాగు కింద పడేసి, అసలు సంగతి చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలనని కూర్చున్నాను. చెప్పింది నా భార్యే.

పద్దెనిమిదేళ్ళ కిందట నాకు ప్రమాదం జరిగింది. మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ బస్సు యాక్సిడెంట్ అనే అంటారు. చౌటుప్పల్ దగ్గర. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు. ఆ పొద్దున నేను దిల్‌సుఖ్‌నగర్ ఇంటి గేటు తీస్తుంటే అక్క పాలు పట్టుకుని ఎదురైంది. అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేను నవ్వుతూ, "పాలతోని ఎదురొచ్చినవ్ అక్కా, ఇగ పని అయినట్టే" అన్నాను. అక్కా నవ్వింది. పైనుంచి అమ్మ చూసింది. నేను దవాఖానాలో కట్లతో పడి ఉన్నప్పుడు ఇంట్లో అమ్మ అక్కను నిలబెట్టి, "మొగున్ని మింగినవ్. ఇగ నా కొడుకును గూడ మింగుతవా?" అని అడిగిందట. ఆ తర్వాత నేను మళ్ళీ బయల్దేరిన రోజు నుంచి, దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో పెరటి బాత్రూము, ఈ ఫ్లాటులో వాష్ ఏరియా. పాలు పట్టుకుని ఎదురు రావడం కోడలి వంతు. ముందురోజే ప్యాకెట్లు కొని దాచి, నా కన్నా ముందు కిందికి దిగి, నేను వచ్చే చప్పుడు విని లోపలికి రావాలి. అమ్మ పోయి ఆరేళ్ళయింది. పద్ధతి మాత్రం పోలేదు.

ఆరు వారాలు ఆ విరిగిన భుజానికి సేవ చేసింది ఎవరనుకున్నారు? అక్క. స్నానం చేయించింది, అన్నం కలిపి పెట్టింది. అప్పటికే ఆ మాట పడి ఉంది.

నేను అరిచాను. ఏమని అరిచానో అంతా ఇక్కడ రాయలేను. పోయిన అమ్మను తిట్టాను, తప్పో ఒప్పో తిట్టాను. కన్నబిడ్డను పట్టుకుని అంత మాట ఎట్లా వచ్చింది నోటికి? చదువుకుని, పిల్లలకు పాఠాలు చెప్పే మనిషివి, నీకేమైంది అని భార్య మీదికి వెళ్ళాను.

"అత్తయ్యగారు పోయాక ఇంక మానేద్దాం వదినా అని నేనే అన్నానండీ," అంది. "వదిన ఒప్పుకోలేదు. ఏమైనా అయితే ఎవరు భరిస్తారు అంది. నాకూ భయమేసింది. రోజూ రోడ్ల మీద తిరిగే మనిషి మీరు."

"మరి నాకు చెప్పొద్దా?"

"మీరు అడిగారా?" ఆవిడకూ కోపమొచ్చింది. "ఇన్నేళ్ళల్లో ఒక్కసారైనా లోపలికొచ్చి, అక్క ఏదీ అని వెతికారా? గుమ్మంలో నిలబడి ఒక కేక వేసి వెళ్ళిపోయేవారు. జవాబు రాకపోతే మూతి ముడుచుకునేవారు. వచ్చాక వారం రోజులు ఆ మూతి మాకు చూపించేవారు."

నిజం విన్నప్పుడు మనిషికి కోపం ఇంకా పెరుగుతుంది. ఆ రోజు మూసారాంబాగ్ వెళ్ళలేదు.

ఇది జరిగిన పది రోజులకు మా అమ్మాయి ఊరెళ్ళాలి. మొదటి ఉద్యోగం, పుణెలో ట్రైనింగు, ఆ తర్వాత ఊళ్ళు తిరిగే పనే. వద్దని చెప్పి చూశాను, వినలేదు. సోమవారం పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. హాస్టల్లో దిగబెట్టడానికి తల్లి వెంట వెళుతుంది. ఆ పిల్లకు విషయమంతా తెలిసింది. వెళ్ళి అక్క ఒళ్ళో తల పెట్టింది.

"అత్తా, నువ్వు ఎదురొస్తెనే నేను పోత. లేకుంటే పోను."

"ఒద్దు బిడ్డా. నేను గాడనే ఉంట. నువ్వు మంచిగ పోయిరా."

"ఎందుకొద్దు?"

"నీ అయ్యకు ఎముకలు ఇరిగినయ్. నీకేమన్న అయితే నేను బతుకుతనా?"

నాకు అసలు మంట పుట్టింది అక్కడే. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది అక్క. మొదటిసారి బడికి వెళ్ళిన రోజు చేయి పట్టుకుని తీసుకెళ్ళింది అక్క. ఇప్పుడు ఆ పిల్ల ఇల్లు విడిచి వెళుతుంటే ఈమె వాషింగ్ మెషీన్ వెనక పీట మీద కూర్చుని ఉంటుందా? ఎవరూ బలవంతం చేయకుండానే? ఆ పది రోజులూ పొద్దున సాయంత్రం అక్కతో పోట్లాడాను. సైన్సు చెప్పాను, దేవుణ్ణి తెచ్చాను, బతిమాలాను, చేతులు పట్టుకున్నాను. అక్క కుట్టుమిషన్ తొక్కుకుంటూ వినేది. శనివారం ఇంక ఓపిక చచ్చి అరిచాను. "బస్సు బ్రేకులు ఫెయిలయితే నీదెట్ల తప్పయితది? జర బుర్ర పెట్టి ఆలోచించు!"

అక్క మిషన్ ఆపింది. "గా బస్సు రోజూ పోతది కద తమ్మీ. మంది ఎక్కుతరు, దిగుతరు. నేను ఎదురైన నాడే ఎందుకు ఫెయిలాయె?"

దీనికి జవాబు నా దగ్గర ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఇంతవరకూ అందరి మీదా అరుస్తూ వచ్చిన నేను ఆ క్షణాన నోరు మూసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

అది బస్సు కాదు. ఆ పొద్దున ఎల్బీ నగర్ చౌరస్తాలో నా కోసం కంపెనీ కారు ఆగి ఉంది. సూర్యాపేటలో ఒక పెద్ద ఆసుపత్రి మెషీన్ ఆగింది, బస్సులో అయితే ఆలస్యమవుతుందని మేనేజరు చివరి నిమిషంలో కారు పంపాడు. ఆ డ్రైవరు రెండు రోజులుగా కన్ను మూయలేదు. అప్పుడే ఇంకో ఇంజనీరును దింపి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సార్, ఒక్క అరగంట పండుకుంట సార్, తర్వాత పోదాం," అన్నాడు. ఈలోగా నా ఫోను మోగింది. ఎక్కడున్నారు? ఇంకా అక్కడేనా? నేను డ్రైవరుతో, "పోనీయ్, పోతుంటే నిద్ర ఎగిరిపోతది," అన్నాను. ఆ మాట అన్నది నేనే. చౌటుప్పల్ దాటుతుండగా అతని తల వాలింది. పక్కన ఆగి ఉన్న లారీ వెనక భాగం ఒక్కటే నాకు గుర్తుంది.

ఇంట్లోవాళ్ళు వచ్చేలోపే మేనేజరు ఆపిల్ పళ్ళు పట్టుకుని దవాఖానాకు వచ్చాడు. నిద్రలేని డ్రైవరును పంపినట్టు బయటికొస్తే అందరికీ ఇబ్బందే అన్నాడు. నాకూ ఇబ్బందే, నాకింకా ముందు చాలా సర్వీసు ఉంది అన్నాడు. ఇంట్లో బస్సని చెప్పండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. నాకప్పుడు మూడేళ్ళ పిల్ల, ఇంటి బరువంతా నా మీదే. తలూపాను. అమ్మ వచ్చి ఏమైంది కొడుకా అంటే, బస్సు బ్రేకులు అన్నాను. చిన్న అబద్ధమే కదా అనుకున్నాను. మరుసటి ఏడాది నా విజిటింగ్ కార్డు మీద 'సీనియర్' అనే మాట చేరింది.

ఆదివారం సాయంత్రం అక్క కారప్పూస చేసి డబ్బాల్లో పోస్తోంది, పిల్లకు పుణె తీసుకెళ్ళడానికి. నా భార్య పక్కనే బట్టలు మడతపెడుతోంది. అమ్మాయి స్నేహితురాళ్ళను కలిసొస్తానని బయటికి వెళ్ళింది. నేను వంటింటి గడప మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

అక్క డబ్బా మూత పెట్టింది. "గా డ్రైవరు ఏమాయె?" అంది.

"కాలు ఇరిగింది. పనిలకెల్లి తీసేసిన్రు. తర్వాత ఏమాయెనో తెలువదు."

"తెలువదా?"

"అడగలే."

"అమ్మ ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే?"

"ఉద్యోగం పోతదని."

"ఉద్యోగం పోతదని," అంది అక్క. నా మాటే మెల్లగా మళ్ళీ అంది. "ఇప్పుడు ఎట్లనన్న పాయె కద."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నేను ఆమెను అంత కోపంగా ఎన్నడూ చూడలేదు. డబ్బాను పక్కకు నెట్టింది.

"అమ్మ తిట్టిందని గాదు తమ్మీ నేను లోపలికి పోయింది. నేను గూడ నమ్మిన. నాతోనే గట్లయిందని నమ్మిన. నువ్వు తిరిగొచ్చే దాక నాకు ముద్ద దిగకపోయేది. ఫోను మోగితె గుండె దడదడ అంటుండె. గీ పిల్ల చిన్నగున్నప్పుడు, అత్తా, నువ్వు నాన్నకు టాటా ఎందుకు చెప్పవ్ అని అడిగేది. ఏం చెప్పాలె? నీకు సంగతి ఎర్కనే ఉండె. మూసుకొని కూసున్నవ్. పైకెల్లి నా మీదనే మూతి ముడిస్తివి."

"తప్పయింది అక్కా."

"తప్పయిందంటె అయిపాయెనా?" అక్క లేచి నిలబడింది. "రేపు పిల్ల పోయేటప్పుడు నువ్వు బయటికి రాకు. గాడ పోయి నిలబడు. పిలిచినా పలుకకు."

నా భార్య బట్టలు పక్కన పెట్టింది. "అదేంటి వదినా, కన్నతండ్రి. మొదటిసారి వెళుతోంది పిల్ల."

"నేను పెంచిన. నన్ను ఎవ్వరన్న అడిగిండ్రా?"

నా భార్య మళ్ళీ బట్టలు అందుకుంది. నేను మాత్రం, సరే అక్కా అన్నాను. ఇంకేం అనాలి? ఈ పది రోజులు నేను వేసిన కేకలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మను తిట్టానే! అమ్మకు ఆ మాట అనే అవకాశం ఇచ్చింది నేనే కదా.

సోమవారం ఐదింటికి అక్క తలస్నానం చేసి, నేనెప్పుడో కొంటే కట్టకుండా దాచిన నీలం చీర కట్టుకుంది. ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్ల వంక కూడా చూడలేదు. సంచి తీసుకుని కొట్టుకు వెళ్ళింది, తాజా పాలకు. నేను వాష్ ఏరియాలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

పీట చాలా చిన్నది, మోకాళ్ళు మెషీన్‌కు తగులుతాయి. సబ్బుపొడి వాసన. చాయ్ గ్లాసు పెట్టుకునే చోట గట్టు మీద గుండ్రటి మరక ఉంది. ఎదురుగా గోడ మీద యాదగిరి నరసింహస్వామి బొమ్మ, పాత క్యాలెండర్‌లోంచి కత్తిరించి అన్నం మెతుకులతో అంటించింది. వెనక్కి వాలితే నా తల గోడకు తగిలింది. తిరిగి చూశాను. సరిగ్గా అక్కడ, అక్క తల ఆనే ఎత్తున, సున్నం మీద కొబ్బరినూనె మరక ముదురుగా ఇంకిపోయి ఉంది.

అక్కణ్ణించి అన్నీ వినబడతాయని నాకు తెలియదు. సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు, బూట్లు నేలకు కొట్టిన చప్పుడు, నా భార్య దేవుడి దగ్గర అగ్గిపుల్ల గీసిన చప్పుడు. అంటే నేను వేసిన ప్రతి కేకా ఇక్కడికి వినబడింది. పీడ పోయినట్టుంటదేమో అన్న తర్వాత కూడా ఆమె ఇక్కడే కూర్చుని, నేను బూట్లు తొడుక్కునే చప్పుడు విన్నది.

"నాన్నా, పోతున్న!" హాల్లోంచి అమ్మాయి గొంతు.

నోరు తెరిచాను. అక్క మాట గుర్తొచ్చి మూసుకున్నాను.

"నాన్నా?" మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు తగ్గింది. "అమ్మా, నాన్న ఇంకా లేవలేదా? నేను వెళుతున్నా లేవడా?"

నా భార్య ఏం చెప్పిందో వినబడలేదు. లిఫ్టు తలుపు మూసుకుంది. కింద ఆగి ఉన్న కారు ఇంజను శబ్దం. గేటు గడియ. ఆ తర్వాత మా అమ్మాయి పెద్దగా, సందంతా మోగేలా, "అత్తా!" అని అరిచింది. అక్క నవ్వు వినబడింది. చాలాసేపు ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. కారు తలుపులు పడ్డాయి. కారు వెళ్ళిపోయింది.

అక్క మెట్లెక్కి వస్తున్న చప్పుడు, వంటింట్లో గిన్నె పెట్టి పాలు పోస్తున్న చప్పుడు విన్నాను. చాలాసేపటి తర్వాత తలుపు మీద రెండుసార్లు వేళ్ళు పడ్డాయి.

"పిల్ల పోయింది తమ్మీ. ఇగ రా."

నేను వెంటనే లేవలేకపోయాను.